రేడియోలో చిక్కుకున్న మాట

ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ థియేటర్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. పైన ఆఫీసు, మధ్యలో గాజు కిటికీ ఉన్న చీకటి గది, అన్నిటికీ అడుగున సెల్లారు. తెరెసా పనిచేసే థియేటరు సెల్లారులోకి పట్టపగలు కూడా వెలుతురు దిగదు. ర్యాంపు మీద కాలు పెడుతూనే తడి సిమెంటు వాసన, దానితోపాటు పాత ఇంజనాయిలు వాసన ముక్కుకి తగులుతాయి. ఆ శనివారం సాయంత్రం ఆమె అక్కడే, తన కారులో కూర్చుని, పలకని రేడియో వంక చూస్తోంది.

కారు ఆమె చేతికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మాదాపూర్ వైపు రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలమది. అక్కడ కంప్యూటర్ ఉద్యోగం చేసే జగదీశ్ అనే కుర్రాడు జీతం పెరగ్గానే కొత్త బండి తెచ్చుకుని ఈ పాతదాన్ని ఆమెకి అమ్మేశాడు. ఫారిన్ రేడియో మేడమ్, క్యాసెట్టు కూడా ఆడుతుంది అని మురిపెంగా చెప్పాడు. ఆ క్యాసెట్టు మాట వినే తెరెసా కారు తీసుకుంది.

ఆమె కూతురు జెరూషకి ఎనిమిదేళ్ళు. భర్త పోయాక, వేళాపాళా లేని ఈ డబ్బింగ్ పని పెట్టుకుని, ఒంటరి ఇంట్లో పిల్లను వదల్లేక ఏలూరులో హాస్టల్లో చేర్పించింది. ఆదివారం మాత్రమే ఫోను. అదీ వార్డెన్ గదిలో, వెనక పిల్లల వరుస కదులుతుండగా. అందుకే తల్లీకూతుళ్ళ మధ్య ఒక క్యాసెట్టు తిరుగుతూ ఉండేది. ఒక వైపు అమ్మ, రెండో వైపు కూతురు. అమ్మ వైపంతా జాగ్రత్తలే. కాచిన నీళ్ళే తాగు, మెట్ల మీద పరిగెత్తకు, గోళ్ళు కొరక్కు, పడుకునే ముందు ప్రార్థన మరిచిపోకు. చెప్పిందే చెప్పి, ఏదైనా వదిలేశానేమోనని టేపు వెనక్కి తిప్పి విని, మళ్ళీ చెప్పేది.

రెండు రోజుల కిందట ఏలూరు నుంచి వచ్చినవాళ్ళు క్యాసెట్టు తెచ్చిచ్చారు. జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దాటుతుండగా రేడియోలోకి తోసింది. జెరూష గొంతు చిన్నగా, దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వచ్చింది.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. అనసూయమ్మ టీచర్‌కి చెప్పలేదు. నువ్వు కోప్పడనంటే చెప్తాను..."

అంతే. కారు దీపాలు మసకబారాయి. ఇంజను ఆగిపోయింది.

బ్యాటరీ చచ్చిందన్నాడు మెకానిక్కు. కొత్తది వేశాడు. కారు కదిలింది గానీ రేడియో పలకలేదు. బ్యాటరీ తీసి పెట్టినందుకు అది తనను ఎవరో దొంగిలించారనుకుంటుందట. ఆకుపచ్చ అక్షరాల్లో కోడ్ అని అడుగుతూ కూర్చుంది. క్యాసెట్టు బయటికి రాదు, లోపల తిరగదు.

తెరెసా ఆ రాత్రే హాస్టలుకి ఫోన్ చేసింది. పిల్ల బ్రహ్మాండంగా ఉంది, రెండోసారి అన్నం పెట్టించుకుని తింది అని వార్డెన్ అనసూయమ్మ నవ్వింది. ఆ మాటేంటో అడగబోయి తెరెసా తమాయించుకుంది. టీచర్‌కి చెప్పలేదు అంది బిడ్డ. తను నోరుజారితే ఇక మీదట తనకీ చెప్పదు. ఆదివారం ఫోనులో అడుగుదామన్నా టీచర్ పక్కనే కూర్చుంటుంది. ఏమై ఉంటుంది? ఎవరైనా కొట్టారా? ఒంట్లో ఏదైనా దాస్తోందా? రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు.

ఆవేళ షిఫ్టు ముగిశాక సౌండ్ ఇంజనీరు కమలాకర్ కిందికి దిగొచ్చాడు. జగదీశ్ ఫోనులో చెప్పిన నాలుగంకెలు నొక్కాడు. కాదంది. చివరి రెండూ అటూ ఇటూ అయ్యాయేమోనని తిప్పి నొక్కాడు. కాదంది. తెరెసా వద్దంటున్నా వినకుండా మరొకటేదో నొక్కాడు. ఆకుపచ్చ అక్షరాలు ఒక్కసారి ఆరి, వెయిట్ అని వెలిగాయి.

"ఏం ఫికర్ చెయ్యకు అక్కా. గంటసేపు తాళంచెవి గట్లనే ఉండనియ్యి. మళ్ళ అదే అడుగుతది. నడుమల బంద్ జేసినవనుకో, మళ్ళ మొదటికొస్తది," అన్నాడు. "గీడనే కూసొని జర కునుకు తియ్యి. ఎవడన్న పార్కింగోడొచ్చి తిడితే మాత్రం, నీ అలవాటు కొద్దీ తిరిగి అప్పజెప్పకు."

తెరెసా నవ్వలేక నవ్వింది. ఆ అలవాటు థియేటరంతా ఎరిగినదే. చెవిలో షూటింగప్పటి గొంతు, అంటే పైలట్ ట్రాక్, వినబడగానే అదే మాటను ప్రాణం పోసి తిరిగి చెప్పడం ఆమె పని. పన్నెండేళ్ళుగా అదే కావడంతో వీధిలో బండివాడు బెండకాయలని అరిచినా ఆమె పెదవులు కదిలేవి. బస్సులో కండక్టరు మాట అతని వెంటే ఆమె నోట్లోంచి వచ్చేసేది. ఆ పూట కూడా, తల్లి వేషం వేసిన బొంబాయి హీరోయిన్‌కి గొంతిచ్చి వచ్చింది. ఆ అమ్మాయికి తెలుగు ముక్క రాదు. అర్థం తెలియని మాటల్ని రాళ్ళు పేర్చినట్టు చప్పగా పలికేది. ఏడుపు, లాలింపు అన్నీ తెరెసాయే నింపింది.

కమలాకర్ పైకెళ్ళాడు. తెరెసా సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

కరెంటు పోయింది.

పైన జనరేటరు గుర్రుమంది. దాని వెలుగు థియేటరుకే. సెల్లారుకి రాదు. ర్యాంపు చివర ఆకాశం బూడిదరంగు నుంచి నల్లబడుతోంది. ఎక్కడో పైపులోంచి నీటిచుక్క... కాసేపాగి ఇంకో చుక్క. కారు లోపల వెలుగంటూ ఉన్నది ఆ ఆకుపచ్చ అక్షరాలదొక్కటే. స్పీకర్లలోంచి సన్నని బుస వస్తోంది, ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి వదులుతున్నట్టు. ఇంజనాయిలు వాసన ఎటు పోయిందో తెలియదు. దాని బదులు, చాలా రోజులు మూసి ఉంచిన గదిలో తడిబట్టల వాసన.

రెండు రాత్రుల అలసట. ఆమెకి తూగొచ్చింది. తను ఇంకా మైకు ముందే ఉన్నట్టుంది.

"తలుపు తియ్యి," అంది స్పీకరు.

చప్పని గొంతు. ఆడో మగో తెలియదు. అర్థం తెలియకుండా పలికిన మాట.

తెరెసా కళ్ళు తెరవలేదు. పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి. కాస్త లాలింపు కలిపి, "తలుపు తియ్యి," అంది.

బుస. మళ్ళీ అదే గొంతు.

"నేనే. అమ్మను."

"నేనే... అమ్మను," అంది తెరెసా. ఈసారి ఇంకా బాగా కుదిరింది. చివర్లో చిన్న నవ్వు కూడా వేసింది. షిఫ్టులో అయితే కమలాకర్ ఓకే అనేవాడు.

"చలిగా ఉంది. తియ్యి తల్లీ."

"చలిగా ఉంది. తియ్యి తల్లీ."

"జెరూషా."

"జెరూషా," అని పిలిచింది తెరెసా, పిల్ల నిద్రలోంచి ఉలిక్కిపడకుండా ఎప్పుడూ పిలిచేంత మెత్తగా.

పిలిచాక కళ్ళు తెరిచింది.

ఆ పేరు ఏ సినిమాలోనూ లేదు.

స్పీకర్లలో బుస ఆగిపోయింది. నీటిచుక్క కూడా ఆగింది. రేడియో మీద వెయిట్ అనే అక్షరాలు లేవు. అంకెలు అడగలేదు. ఆమె ఒక్క మీట కూడా నొక్కలేదు. లోపల ఏదో టక్కుమంది... క్యాసెట్టు తిరగడం మొదలుపెట్టింది.

"...కోప్పడనంటే చెప్తాను," అంటోంది జెరూష. "లైట్లు ఆర్పాక వెనక తలుపు అద్దం దగ్గరికి ఒకావిడ వస్తోందమ్మా. రోజూ. నోరు కదుపుతుంది. మాట రాదు. పాపం చాలాసేపు కదుపుతుంది. నేనేం భయపడలేదు. నువ్వు చెప్పావుగా, నా గొంతు వినిపిస్తే తప్ప ఎవరు కొట్టినా తలుపు తియ్యొద్దని. నేను అదే చెప్పాను ఆవిడకి. మా అమ్మ గొంతైతేనే తీస్తానన్నాను. ఆవిడ సరే అన్నట్టు తలూపి వెళ్ళిపోయింది."

కాసేపు టేపు ఉత్తదే తిరిగింది.

"మంచి పనే చేశానా అమ్మా?"

తెరెసా కారు తలుపు ఎలా తీసిందో, ర్యాంపు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. సెల్లారులో సెల్‌ఫోనుకి సిగ్నల్ రాదు. రోడ్డు మీదికి వచ్చాకే గీతలు కనబడ్డాయి. స్టూడియో వ్యాను ఒకటి హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

అటువైపు అనసూయమ్మే ఎత్తింది. గొంతులో ఏ కంగారూ లేదు.

"మీకే చేద్దామనుకుంటున్నాను తెరెసమ్మగారూ. ఇందాక స్టడీలోంచి లేచి వెళ్ళి వెనక తలుపు గడియ తీసేసిందండీ మీ అమ్మాయి. అమ్మ పిలిచింది అంటుంది. చూస్తే అక్కడెవరూ లేరు. బెంగ పెట్టుకున్నట్టుంది, పోన్లే అని నేనే గడియ వేసి తీసుకొచ్చాను."

తెరెసా ఫోను చెవికి అదుముకుంది.

"పిల్ల... పిల్ల ఎక్కడుందండీ?"

"ఇదిగో, నా ముందే ఉంది. మాట్లాడండి."

ఫోను చేతులు మారిన చప్పుడు.

"అమ్మా," అంది జెరూష.

అది జెరూష గొంతే. అందులో అనుమానం లేదు. ఒక్కో మాటా కడిగి పెట్టినట్టు, ఎక్కడా ఊపిరి తగలకుండా, చెవికి మరీ దగ్గరగా ఉంది.

"జెరూషా, నేను వస్తున్నాను. రాత్రి బస్సుకే వస్తున్నాను. టీచర్ పక్కనే ఉండు తల్లీ, ఎక్కడికీ కదలకు. వింటున్నావా?"

"నువ్వు రానక్కర్లేదమ్మా. నేను బాగున్నాను."

"నా తల్లివి కదూ, ఏం జరిగిందో చెప్పు..."

"నువ్వు రానక్కర్లేదమ్మా. నేను బాగున్నాను."

ఆ గొంతు వెనక, గదిలో కాస్త దూరంగా, అనసూయమ్మ ముచ్చటపడి నవ్వడం వినిపించింది.

"ఓసి పిల్లా, ఈ విద్య ఎక్కడ నేర్చావే? పెదాలు కదపకుండానే మాట్లాడేస్తున్నావు."