మూసిన తొట్టిలో తగ్గిన నీళ్ళు

బార్సిలోనా రేవు దగ్గర, భూమి అడుగున కట్టిన వాననీటి తొట్టిలో నీళ్ళని ఆపే ఇనుప గేటు విరిగి పడింది. దాని కింద, అక్కడ పనిచేసే నోఫ్రె శవం దొరికింది.

నేరం అతని బావమరిది కిర్జె మీద పడింది. గేటు బోల్టులు బిగించింది అతనే. వదులుగా వదిలేశాడన్నారు. నోఫ్రె భార్య, అంటే సొంత అక్కే అతని మొహాన తలుపు వేసింది.

ఆధారం ప్రొఫెసర్ ఒలెగేర్ లెక్క. ఆ గేటు ఎంత గట్టిగా ఉండాలో మొదట తేల్చిందీ ఆ లెక్కే. కంప్యూటర్‌లో నీటిని లక్షల కణాలుగా విడగొట్టి, వాటి మధ్య ప్రతి క్షణం కొత్త వల అల్లుతూ, గేటు మీద ఎంత ఒత్తిడి పడుతుందో చెప్పే సిమ్యులేషన్. బోల్టులు బిగువుగా ఉంటే గేటు విరగదని అది తేల్చేసింది.

గురువారం మధ్యాహ్నం. ఇన్‌స్పెక్టర్ రెమేయ్ బేడీలతో సహా కిర్జెని ల్యాబ్‌కే తీసుకొచ్చింది.

"త్వరగా కానివ్వండి. గురువారం పూట వండే పయేయా అన్నం చల్లారితే తినలేం," అన్నాడు ప్రొఫెసర్.

"చల్లారనివ్వండి. ఆ బొమ్మ వేయండి."

"మీకేం అర్థమవుతుందమ్మా?"

"వేయండి!"

తెర మీద నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. రెమేయ్ మార్కర్ తీసి, మట్టం దగ్గర తెర మీదే గీత గీసింది.

"ఏయ్! బుద్ధుందా?"

ఆమె పట్టించుకోలేదు. తెర మీద వాననీరు లోపలికి దూకింది. నీళ్ళు గేటును బాదాయి, చిందాయి, చివరికి సర్దుకున్నాయి. గీతకు వేలెడు కింద.

"గేటు మూసే ఉందా?"

"ఉంది."

"నీళ్ళు లోపలికే వస్తున్నాయా?"

"కనబడట్లేదా?"

"మరి మట్టం ఎందుకు దిగింది? ఎవరు తాగారు?"

ప్రొఫెసర్ తెర మీదికి వంగి గీతను చూశాడు. అతని అసిస్టెంట్ జిజెలా తల దించుకుంది.

"గుంపు నుంచి విడిపోయి ఎగిరే కణాల్ని ప్రోగ్రాం పారేస్తుంది మేడం. బొమ్మ శుభ్రంగా ఉంటుందని సారే అలా పెట్టమన్నారు. నాలుగు చుక్కలే కదా అనుకున్నాం. వల అల్లిన ప్రతిసారీ నాలుగు పోయాయి."

"నిన్న నువ్వు ఈ మాట చెప్పగానే, ఒక్కటీ పారేయకుండా మళ్ళీ నడపమన్నాను కదా. చూపించు."

ఈసారి నీళ్ళు గీత దాటాయి. బోల్టులు బిగువుగానే ఉన్నాయి. గేటు వంగి, పై మడతబందు దగ్గర ఫట్టున విరిగింది. రెమేయ్ అసలు గేటు ఫొటోను తెర పక్కన పెట్టింది. విరిగింది ఆ మడతబందు దగ్గరే.

బేడీలు ఊడాయి. కిర్జె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తక్కువ నీళ్ళకి లెక్క కట్టి మా బావని చంపారు. పైగా నన్ను హంతకుణ్ణి చేశారు. థూ!"

ప్రొఫెసర్ కోటు అందుకోబోయాడు. రెమేయ్ ఫోన్ కలిపి అతని చేతిలో కుక్కింది.

"ఎవరికి?"

"నోఫ్రె భార్యకి. తమ్ముడి తప్పేం లేదని మీ నోటితోనే చెప్పండి. తర్వాత స్టేషన్‌కి."

అవతల ఆడగొంతు "ఎవరండీ?" అంది.