వై మీద ఆగిన వేలు

ఫరాకు కోపం వస్తే మాచర్ల మీది మబ్బులు కూడా పక్క ఊరు చూసుకుంటాయంటారు. ఆ రోజు మాత్రం వానా ఆగలేదు, ఫరా కోపమూ ఆగలేదు.

ఫరాది పెళ్లికార్డులు అచ్చేసే కొట్టు. అందులో ఒకటే కంప్యూటర్, లినక్స్‌తో నడిచేది. పొద్దుటి నుంచి కార్డుల ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు. సాయంత్రం గురజాల పెళ్లివాళ్లు కార్డుల కోసం వస్తారు. ఈసారి కూడా మాట తప్పితే కొట్టు గదిని సెల్‌ఫోన్ల వాళ్లకు అద్దెకిస్తానని, పక్కన మెకానిక్ షెడ్డు నడిపే ఫరా వాళ్ల నాన్న కాలేషా తేల్చి చెప్పేశాడు.

ఎదురుగా ఆదిల్ తడిసి ముద్దై నిలబడ్డాడు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు. నిన్న బాగున్నదాన్ని ఇంకా బాగుచేసి వెళ్లింది అతనే.

"ఏంది నువ్వు చేసిన ఘనకార్యం?" అంది ఫరా.

"ఫొటోల ప్రోగ్రాంకి కొత్త వెర్షన్ ఏశా. సిస్టమ్ వాళ్ల రిపోలో, అదే ప్రోగ్రాంలు దించుకునే గోడౌన్‌లో, పాతదే ఉంది. అందుకని బయట రిపో ఒకటి కలిపా."

"ఎవరిదది?"

"వినుకొండలో మా ఖాలా కొడుకు, నాకు తమ్ముడే, లింకు పంపాడు. మనోడే గదా."

"లింకు పంపింది మనోడు. రిపో పెట్టినోడు మనోడా?"

ఆదిల్ తల గోక్కున్నాడు. "నేనడిగింది ఒక్క ప్రోగ్రామే ఫరా. అది తను నడవటానికి కావాల్సిన లైబ్రరీ ఫైళ్లన్నిటినీ ఎంటబెట్టుకొచ్చింది."

"వచ్చి ఊరుకున్నాయా? పాతవాటిని ఎళ్లగొట్టి కూర్చున్నాయి. నా కార్డుల ప్రోగ్రాంకి ఆ పాతయ్యే కావాల."

"అంతేగా, కొత్తయి పీకేస్తా," అంటూ కూర్చుని కమాండ్ కొట్టాడు. తెర నిండా పేర్లు జలజలా రాలాయి. ఇవన్నీ తీసేయమంటారా, అవునంటే వై, కాదంటే ఎన్ కొట్టండి అని కంప్యూటర్ అడిగింది. ఆదిల్ వేలు వై మీదకి దిగబోయింది.

ఫరా టక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

ఆ క్షణాన ఆదిల్ గుండె చప్పుడుకి నడికుడి స్టేషన్లో రైలు కదిలిందనుకుని జనం సంచులు పట్టుకుని పరుగులు తీశారు.

"చదవవా? వాటితోపాటు ప్రింటరూ పోద్ది, డెస్క్‌టాపూ పోద్ది. నల్లతెర మీద అచ్చేసుకోనా కార్డులు?"

"చెయ్యి వదిలితే..."

"ముందు ఎన్ కొట్టు."

రెండో చేత్తో కొట్టాడు. ఫరా అయినా కాసేపు వదల్లేదు.

తరువాత బయటి రిపోని తీసేశారు. మారిన లైబ్రరీలను ఒక్కొక్కటిగా పాత వెర్షన్‌కి దించారు. ఆమె ఒక్కో లైబ్రరీ పేరూ చదువుతుంటే అతను కొట్టాడు.

"అప్‌డేట్ వచ్చినా కదలకుండా వీటిని హోల్డ్‌లో పెట్టు," అంది ఫరా.

"నన్ను గూడా పెట్టరాదూ."

"నిన్నింకా టెస్ట్ చెయ్యాల," అంది ఆమె, నవ్వు దాచుకోవడానికి కిటికీలోంచి వాన చూస్తూ.

ప్రోగ్రాం తెరుచుకుంది. ప్రింటర్ గరగరమంది. అప్పుడే కాలేషా గ్రీజు చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"బాగయిందా? అసలు చెడగొట్టింది ఎవురే?"

"అప్‌డేట్ వచ్చి, అబ్బాజాన్..." అని ఫరా మొదలుపెట్టింది.

"నేనే చాచా," అన్నాడు ఆదిల్. ఆ మాటతో ఈ కొట్టుకీ తనకీ సంబంధం తెగిపోతుందని తెలిసే అన్నాడు. "ఎవురిదో ఏందో చూడకుండా ఏశా."

కాలేషా అతన్ని తడిసిన చెప్పుల నుంచి జుట్టుదాకా చూశాడు.

"నా షెడ్డుకొచ్చే ప్రతోడూ బండినే తిడతాడు. నేనే చెడగొట్టా అన్నోణ్ణి ఇయ్యాలే చూశా." గొంతు గట్టి చేశాడు. "అయినా ఇంక ఈ గడప తొక్కబాక."

ఆదిల్ లేచాడు. ఫరా మొహం వాడిపోయింది.

"మీ అమ్మ లేకుండా తొక్కబాక అంటన్నా. శుక్రవారం జుమ్మా నమాజు అయినాక ఇద్దరూ ఇంటికి రాండి. బాగున్న కంప్యూటర్‌ని బాగుచెయ్యటానికి ఏడాది నుంచి తిరగతన్నావు, నాకు కళ్లు లేవనుకున్నావంట్రా?"

"మరి గది?" అంది ఫరా మెల్లగా.

"సెల్‌ఫోన్లోళ్లకి ఇంకేడన్నా చూసుకోమని చెప్తాలే," అంటూ కాలేషా వానలోకి వెళ్లిపోయాడు.

ఆదిల్ ఆమె వంక చూశాడు. ఫరా అప్పుడే అచ్చయిన కార్డును మొహానికి అడ్డం పెట్టుకుని, తప్పులు దిద్దుతున్నట్టు మహా శ్రద్ధగా చదువుతోంది. కార్డు మాత్రం తలకిందులుగా ఉంది.