చిల్లులమ్మ బోనస్

గొడుగుల కార్ఖానాలో అందరూ ఆవిడను చాటుగా చిల్లులమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, లోలోపల మురిసిపోతుంది కూడా. కుట్టు పూర్తయిన ప్రతి గొడుగూ ఆవిడ బల్ల దగ్గరికి రావలసిందే. ట్యూబులైటు కిందికి ఎత్తి, టప్పున తెరిచి, గిర్రున ఒక్కసారి తిప్పి చూస్తుంది. సూది మొనంత వెలుతురు కనబడినా సరే, ఆ గొడుగు మళ్ళీ మిషను దగ్గరికి పోతుంది. యజమాని భార్యవై ఉండి ఈ చాకిరీ ఏమిటని చుట్టాలు దెప్పుతారు. ఇంట్లో కూర్చుని గోడలు చూడటం కన్నా గొడుగులు చూడటమే నయమని ఆవిడ ఉద్దేశం.

ఒక రోజు పొద్దున ఆవిడ ఇంకా ఇంట్లోనే ఉంది. నలుగురూ టీలు తాగుతుండగా కోడలు నోరు విప్పింది. కార్ఖానా లెక్కలు చూసేది ఆ అమ్మాయే.

"మామయ్యా, కుట్టు పెద్దమ్మ ఈ నెలాఖరుకి రిటైరవుతోంది కదా. ఆవిడ ప్రావిడెంట్ ఫండు లెక్క తీశాను. మనం కట్టాల్సినంత కట్టలేదు."

యజమాని అయిన పెద్దాయన బ్రెడ్డు ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "నెలనెలా ఠంచనుగా కడుతున్నాంగా?"

"జీతం మీద కడుతున్నాం. బోనస్ మీద కట్టట్లేదు."

"బోనస్ నా సంతోషం కొద్దీ ఇచ్చేదమ్మా. దానికీ ఫండుకీ ఏమిటి సంబంధం?"

"సీజను మొదట్లోనే చెబుతారుగా, ఇన్ని గొడుగులు దాటితే ఒక్కోదానికి ఇంత అని. ముందే మాటిచ్చి, లెక్కగట్టి ఇచ్చేది పనికి కూలి అవుతుంది గానీ సంతోషం ఎలా అవుతుంది? చట్టం దాన్ని కూడా జీతంలోనే కలుపుతుంది. దాని మీదా మన వాటా పడాలి. పాతవి కూడా కట్టాలి."

పెద్దాయన ముఖం కందగడ్డ అయింది. "అంటే ఇన్నాళ్ళూ నేను వాళ్ళ కడుపు కొట్టానంటావా?"

కొడుకు పళ్ళెంలోంచి తలెత్తలేదు. నిజానికి ఆ పళ్ళెంలో ఏమీ లేదు. గొడుగులు దుకాణాలకు చేరవేసే ఆ కుర్రాడు ఊళ్ళో ఎవరితోనైనా బేరమాడగలడు గానీ తండ్రి ముందు నోరు పెగలదు.

"ఆ డబ్బంతా కడితే మేడమీద గది ఏమవుతుంది?" పెద్దాయన భార్య వైపు తిరిగాడు. "నీ కోసమే కదా వేయిద్దామనుకున్నాను! కింద గాలాడటం లేదని ప్రాణం తీసింది ఎవరు?"

ఆయన టీ కప్పు ఠక్కున కింద పెట్టాడు. "అయినా అడగమను. ఒక్కరంటే ఒక్కరు నా ఎదటికొచ్చి, నాకు ఇంకా రావాలని అడగమను. అప్పుడు అందరికీ కడతాను, చిల్లర కూడా మిగల్చకుండా కడతాను!"

ఎవరూ అడగరని ఆయనకు తెలుసు. అందుకే అంత జోరుగా అన్నాడు.

కార్ఖానాలో చిల్లులమ్మ తిన్నగా కుట్టు పెద్దమ్మ మిషను దగ్గరికే వెళ్ళింది. కార్ఖానా ఒకే ఒక్క గదిగా ఉన్నప్పుడు ఆ మిషను ముందు కూర్చున్న మనిషి, ఇప్పటికీ అక్కడే ఉంది.

"అక్కా, రిటైరయ్యాక ఎక్కడుంటావు?"

"ఎక్కడుంటాను, అల్లుడింట్లోనే. నడవలో మంచం వేస్తారట. బాత్రూముకి ఎవరు లేచినా నా కాళ్ళు దాటుకునే పోవాలి." పెద్దమ్మ నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "కిటికీ ఉన్న గది ఒకటి అద్దెకు తీసుకోవాలని ఉండేది. ఫండు డబ్బు చూస్తే అంత దూరం వచ్చేలా లేదు."

"నీకు ఇంకా రావాలట. మా కోడలు చెప్పింది. ఆయన్ని అడగరాదూ?"

"అమ్మో! చేతికి బోనస్ కవరిచ్చే మనిషిని, ఇంకా పెట్టమని అడగనా? నా నోరు పడిపోదూ!"

చిల్లులమ్మకు ఒళ్ళు మండింది. తన సొమ్ము తను అడగటానికి ఈ మనిషి ఇంత సిగ్గుపడుతోంది, అది చూసి అక్కడ ఆయన గర్వపడుతున్నాడు. ఆ పూట ఆవిడ చేతుల్లో గొడుగులు మామూలు కంటే గట్టిగా టపటపలాడాయి.

నెలాఖరున మిషన్లు ఆపి అందరూ గుమిగూడారు. పెద్దమ్మకు గోడగడియారం బహూకరించారు. ఆ తర్వాత పెద్దాయన కుర్చీలో కూర్చుని బోనస్ కవర్లు ఒక్కొక్కరికీ తన చేత్తో అందించాడు. భార్యకు కూడా ఒకటి ఇచ్చాడు. కవర్లయిపోయాక, ఏటా అడిగే మాటే గొంతు సవరించుకుని అడిగాడు.

"ఎవరికైనా నా దగ్గర రావలసింది ఏమన్నా ఉందా?"

ఏమీ లేదయ్యా అని అందరూ ఒక్క గొంతుతో అనడం, ఆయన తృప్తిగా చేతులు దులుపుకోవడం ఏటా ఉన్నదే. ఆ మాట కోసం ఆయన ఎంతగా ఎదురుచూస్తాడో భార్యకు తెలుసు. అయినా లేచి నిలబడింది.

"నాకు ఉందండీ."

"వేళాకోళాలకు ఇదా సమయం?" ఆయన నవ్వేయబోయాడు.

"వేళాకోళం కాదు. నేనూ ఇక్కడ పనిచేసేదాన్నే. పన్ను తగ్గుతుందని మీరే నన్ను జీతాల పట్టికలో ఎక్కించారు. నెలనెలా నాకూ ఫండు కడుతున్నారు. మరి ఈ కవరులో ఉన్నదాని మీద ఎందుకు కట్టలేదు?"

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో అడిగితే అలక అంటారు. ఇక్కడ అడిగితేనే బాకీ అవుతుంది. ఒక్కరడిగితే అందరికీ కడతానన్నారు. ఇదుగో, అడిగాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో కుట్టు పెద్దమ్మ గడియారం కింద పెట్టి లేచింది. "నాకూ రావాలయ్యా" అంది. కమ్మీలు బిగించే ఆయన నాకూ అన్నాడు. పిడులు అతికించే అమ్మాయి నాకూనండి అంది. ఇక చూడాలి, నాలుగు మూలల నుంచీ అదే మాట. ఆఖరికి తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు కూడా "నాకూ నాన్నా!" అని అరిచాడు. అరిచి, అరిచినందుకు తనే బెదిరిపోయాడు.

పెద్దాయన కుర్చీలో కుంచించుకుపోయాడు. "నేను దొంగనా?" అన్నాడు భార్యకు మాత్రమే వినబడేలా.

ఆవిడ మనసు కలుక్కుమంది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "దొంగైతే మీతో ఇన్నేళ్ళు కాపరం చేస్తానా? మీకు పెట్టడం ఇష్టం, బాకీ ఉండటం నామోషీ. అందుకే వాళ్ళ సొమ్ము కూడా మీరు పెట్టినట్టే అనుకున్నారు. మీరూ అనుకున్నారు, పాపం వాళ్ళూ అనుకున్నారు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతికందిన గొడుగుగుడ్డ పేలికతో తుడుచుకుని కోడల్ని పిలిచాడు. "ఎప్పటినుంచి తక్కువ పడిందో అప్పటినుంచీ లెక్క తియ్యమ్మా. అందరికీ. మేడమీద గదికి తొందరేం లేదు."

ఎవరో పట్టరాని సంతోషంతో గొడుగు టప్పున తెరిచారు. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. కాసేపటికి కార్ఖానా నిండా గొడుగులే విచ్చుకున్నాయి. పరీక్షకు తప్ప లోపల గొడుగు తెరిస్తే అశుభమని అందరినీ కసిరే పెద్దాయన ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు.

బాకీ అంతా ఫండులో పడ్డాక ఒక సాయంత్రం కుట్టు పెద్దమ్మ దంపతులిద్దరినీ తన కొత్త అద్దె గదికి రమ్మంది. చిన్న గదే, కానీ కిటికీ పెద్దది. గోడకు గడియారం కూడా తగిలించుకుంది. పెద్దాయన గుమ్మంలో తటపటాయిస్తుంటే కుర్చీ చూపించింది.

"కూర్చోండి. టీ పెడతాను."

టీ ఇచ్చి తను కూడా ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆయన ముందు ఆవిడ ఇలా సమానంగా కూర్చోవడం అదే మొదలు. దండం పెట్టలేదు, మీ దయ అనలేదు. పంచదార సరిపోయిందా అని మాత్రం అడిగింది. ఇలాంటి టీ ఈ మధ్య ఎక్కడా తాగలేదని ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు.

బయటికి వచ్చేసరికి వాన పట్టుకుంది. పెద్దాయన గొడుగు తెరిచి భార్య వైపు వంచి పట్టాడు.

"ఏమండోయ్ అమ్మగారూ, తమరి బాకీ కూడా కట్టేశాను. ఇక ఇంటికి దయచేస్తారా?"

ఆవిడ అలవాటు కొద్దీ తలెత్తి గొడుగు లోపల నాలుగు వైపులా పరీక్షగా చూసింది.

"ఊఁ, పదండి" అంది.