సగం పళ్ళెం

"కాల్చిన కోడి. అన్నం సగమే. వెల్లుల్లి ముద్ద పక్కన పెట్టండి, పైన వద్దు. వేయించినవి అస్సలొద్దు. సలాడ్‌లో నూనె మీరు కలపొద్దు, నేనే వేసుకుంటాను."

హనాన్ రాస్తున్న పెన్ను ఆపింది. "ఇంకా నయం, కోడికి బీపీ ఉందా అని అడగలేదు."

"అడుగుదామనే అనుకున్నా. మీ మొహం చూసి ఊరుకున్నాను."

పంచ్‌బౌల్ రైలు స్టేషను ఎదురుగా హనాన్ వాళ్ళ లెబనీస్ హోటలు. తల్లి సల్మాది వంట, కూతురిది వడ్డన. ఈ కోడి అడిగినవాడు ఆ దారిన బస్సు నడిపే సెమిసి, టోంగా దీవులవాడు. మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడితే వెనక ఏముందో కనిపించదు. ఒంట్లో సుగర్ పెరిగిందనీ, ఆరు వారాల్లో తగ్గకపోతే స్టీరింగు ముట్టుకోవద్దనీ డిపో డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. సెమిసికి బస్సంటే ప్రాణం. వంటేమో రాదు. బయట తినాలి, చూసుకుని తినాలి.

సోమవారం వియత్నాం వాళ్ళ దగ్గర ఆకుకూరల సూపు తాగాడు. మంగళవారం జపాన్ వాళ్ళ దగ్గర చేప తిన్నాడు. బుధవారం ఇక్కడికొచ్చాడు. ఆ తర్వాత మిగతా దేశాలన్నీ మర్చిపోయాడు. అందుకు కారణం కోడి కాదని మీకు వేరే చెప్పాలా?

చిక్కల్లా పళ్ళెంతోనే వచ్చింది. సెమిసి మెతుకు మిగల్చకుండా తింటాడు. పళ్ళెం అలా ఖాళీ అవగానే లోపల్నుంచి సల్మా ఏదో ఒకటి పంపేది. ఒకసారి నూనెలో వేయించిన మాంసం ఉండలు, ఇంకోసారి పాకం కారుతున్న బక్లావా మిఠాయి.

"అమ్మ పంపింది," అనేది హనాన్.

అతను అదీ ఖాళీ చేసేవాడు. మళ్ళీ వచ్చేది.

"డైట్ అన్నారు?" అని ఏడిపించేది.

"డాక్టరు నోటికి చెప్పాడు, చేతికి చెప్పడం మర్చిపోయాడు," అనేవాడు. ఆమె నవ్వితే చాలు, ఆ పూటకి సుగర్ సంగతి గుర్తుండేది కాదు.

రెండు వారాలకి పరీక్ష చేస్తే సుగర్ తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. డాక్టరు కళ్ళజోడు తీసి, "ఇంకో నాలుగు వారాలే," అన్నాడు. సెమిసి ఆ రోజు నుంచి హోటలు గడప తొక్కలేదు. బస్సు ఆ ముందు నుంచే వెళ్ళేది, తలకాయ మాత్రం తిప్పేవాడు కాదు.

నాలుగు రోజులు చూసింది హనాన్. ఉక్రోషం, దాని వెనకే దిగులు. ఐదో రోజు ఏప్రన్‌తోనే బస్సెక్కి అతని పక్కన నిలబడింది.

"మా కోడి మొహం మొత్తిందా? నా మొహం మొత్తిందా?"

"రెండూ కాదు. మీ అమ్మగారి ప్రేమకి నా ఉద్యోగం పోయేలా ఉంది," అని సుగర్ లెక్క చెప్పాడు.

హనాన్ మొహం వాడిపోయింది. "మరి అంతా ఎందుకు తిన్నావు? కొంచెం వదిలేయాల్సింది."

"వదలడమా? మా నాయనమ్మ వింటే చెవి పిండుతుంది. పళ్ళెంలో మిగిల్చామంటే వండినావిడని అవమానించినట్టే మా ఇంట్లో."

"ఓరి దేవుడా. మా ఇంట్లో పళ్ళెం ఖాళీ అయిందంటే చుట్టానికి ఇంకా ఆకలిగా ఉన్నట్టు. పాపం బిడ్డ పస్తున్నాడని అమ్మ రోజూ బాధపడేది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. వెనక సీట్లో ముసలావిడ, "పచ్చ లైటు పడింది నాయనా, సరసాలు తర్వాత," అంది.

"రేపు రా. నేను చూసుకుంటాను," అంది హనాన్ దిగుతూ.

మర్నాడు ఇద్దరికీ కలిపి ఒకే పళ్ళెం తెచ్చి, ఎదురుగా తనూ కూర్చుంది. కాల్చినవి, ఆకుకూరలు అతని వైపు. వేయించినవి, అన్నంలో ముప్పాతిక తన వైపు. లోపల్నుంచి వచ్చిన బక్లావా మొత్తం తనదే. గడువు తీరేదాకా అలాగే సాగింది.

నాలుగో శుక్రవారం సెమిసి కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు. "పాసయ్యాను. బస్సు నాదే."

"నా జీన్స్ మాత్రం ఫెయిలయింది. గుండీ పట్టడం లేదు," అంది హనాన్. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

సల్మా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "మా ఇంట్లో ఒక్క పళ్ళెంలో తినేది నేనూ, దీని నాన్నా. అదీ పెళ్ళి కుదిరిన రోజు నుంచి. నెల్లాళ్ళుగా చూస్తున్నాను, ఇద్దర్లో ఒక్కరైనా నోరు విప్పుతారేమోనని. ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా బాబూ."

"వస్తాం ఆంటీ," అన్నాడు సెమిసి. ఆవిడ లోపలికెళ్ళాక హనాన్ వైపు తిరిగాడు. "ఈ పద్ధతి నీకు తెలుసా?"

"ఆ ఇంట్లోనే పుట్టాను. తెలీదా?"

"తెలిసే కూర్చున్నావా?"

"నువ్వంటే ఇష్టం కాబట్టే కూర్చున్నాను."

"మరి నెల్లాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే ఆ సంతోషంలో పళ్ళెం మొత్తం నువ్వే తినేసేవాడివి."