రెండో ‘షి’ ఎవరు?

“ఎట్ ఫోర్, షి విల్ బి విత్ హర్. దెన్ షి ఈజ్ ఫినిష్డ్.”

విదేశీ ముఠా పంపిన ఈ మెసేజ్‌ను హెడ్‌క్వార్టర్స్ డీకోడ్ చేసి ఫ్యాక్స్ కొట్టేసరికి ఉదయం పదకొండయింది. అది 2001 ఏప్రిల్. ధర్మవరం చీరల బ్రోకర్ వేషంలో ఉన్న ఏజెంట్ చంద్రమోహన్ ఆ కాగితంతో అనంతపురం స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు పరుగెత్తాడు.

టీచర్ ఈశ్వరి డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషనే నమ్ముతోంది. ఆరు నెలలుగా స్టూడెంట్‌గా నటిస్తూ చివరి బెంచీలో కూర్చున్న చంద్రమోహన్ ఆమెను ప్రేమించాడు. చెప్పలేదు.

“ఈపొద్దు నాలుగ్గంటలకి రాప్తాడు సభలో నాగలక్ష్మమ్మ కాగితాలు ఫొటో తియ్యమని కెమెరా పంపినారు,” అంది ఈశ్వరి. వానల్లేకున్నా కాసే చెనక్కాయ విత్తనం తయారుచేసిన సైంటిస్ట్ నాగలక్ష్మమ్మ.

“మొదటి షి నువ్వు. హర్ ఆమె. రెండో షి ఎవరు?”

“ప్రొనౌన్ అంటే పేరుకు బదులు నిలబడేది. ముందొచ్చిన పేరును బట్టి ఎవరో తెలుస్తాది. ఈడ పేరే లేదు. ఆమె కావచ్చు, నేనైనా కావచ్చు.”

“నువ్వెట్లయితావు? నిన్ను నమ్మినారు గదా!”

ఈశ్వరి నవ్వి కెమెరా సంచిలో పెట్టుకుంది.

మూడూ యాభై ఎనిమిది. రాప్తాడు రైతుల సభ. చంద్రమోహన్ రివాల్వర్ మీద చెయ్యి వేసి నాగలక్ష్మమ్మ వెనకే నిలబడ్డాడు. ఈశ్వరి నాగలక్ష్మమ్మ చేతిలోని కాగితాల మీదికి కెమెరా ఎత్తింది. లోపల ఏదో టిక్కుటిక్కుమంది. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

“ఇది కెమెరా కాదప్పా!”

చుట్టూ జనం. విసిరేయడానికి చోటు లేదు. ఆమె దాన్ని గుండెకు హత్తుకుని నీళ్లు లేక ఎండిన వంక వైపు పరుగెత్తింది.

“ఈశ్వరీ!”

“రావద్దు! ఆమెను చూసుకో!”

ఒక్క క్షణం అతని కాళ్లు ఆగాయి. వంకలో ఎర్రమట్టి ఆకాశానికి లేచింది. సరిగ్గా నాలుగు.

నాగలక్ష్మమ్మ మీద గీటు కూడా పడలేదు. ముఠా మనుషులు ఇద్దరు హైవే మీద జీపుతో సహా దొరికారు.

“వి హావ్ వన్! గెలిచాం!” అన్నాడు చీఫ్ వీరప్ప ఫోన్‌లో.

“వి అంటే ఎవరు సార్? ఇంగ్లీషులో ఎవరినైనా కలిపేసుకోవచ్చు,” అని చంద్రమోహన్ ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున సంగతి తెలియని స్టూడెంట్లు క్లాసుకొచ్చారు. వాళ్లను వెనక్కి పంపలేక అతనే చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ‘ఐ’ రాశాడు.

“అది ఎప్పుడూ పెద్దక్షరమే ఎందుకు సార్?” అని అడిగింది మగ్గం పనిచేసే బయమ్మ.

చంద్రమోహన్ బోర్డు మీది ఆ అక్షరం వైపు తిరిగాడు.

“ఒంటరిగా నిలబడాల గదమ్మా. కొంచెం పొడుగుండాల.”