కన్ను లేని చిలుక దీపం

యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో డిటెక్టివ్ విశ్వేశ్వర్ ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, మూడు కుర్చీలు. కరెంటాఫీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఇంటింటికీ తిరిగి, మీటర్లను వెనక్కి తిప్పిన దొంగలను పట్టాడు. రిటైరయ్యాక మిగతా దొంగలను పడుతున్నాడు. జిరాక్స్ దుకాణం మూసేసి వచ్చి ఆయన దగ్గర చేరిన సుజన, ఆయన నోటి నుంచి రాలిన ప్రతి మాటనూ నోటుబుక్కులోకి ఏరుకుంటుంది.

గురువారం మధ్యాహ్నం ఆ గదిలోకి వచ్చిన ముసలాయన చంకలో తువ్వాలు మూట ఉంది. బల్ల మీద పెట్టి విప్పాడు. లోపల గాజు దీపం. పొట్ట లావుగా ఉన్న నూనె బుడ్డి మీద చేత్తో వేసిన మామిడికొమ్మ, దాని మీద ఎదురెదురుగా రెండు చిలుకలు. పైన ఇత్తడి మూత, సన్నటి చిమ్నీ.

"నా పేరు ప్రకాశం సార్. బస్సు డిపోల మెకానిక్‌గ చేసిన. ఈ దీపం నాది కాదు."

"మరి ఎవరిది?"

"తెల్వది. అందరు నాదే అంటున్నరు. నాకు మతి చెడిందంటది మా చెల్లె ఆండాలు. ఆదివారం వచ్చి ముసలోళ్ల ఆశ్రమంల పడేస్తదట. అండ్ల దీపాలు పెట్టుకోనియ్యరు సార్."

ఆయన పెళ్లి చేసుకోలేదు. లాల్‌దర్వాజాలో మేడ మీద కిరాయి గది. ఇలాంటి పాత దీపాలు పన్నెండు పోగేశాడు. పొద్దుగూకితే ఒక్కొక్కటీ తుడుచుకుంటూ కూర్చుంటాడు. మనుషులతో మాట్లాడి ఎన్ని రోజులయిందో ఆయన గొంతే చెబుతోంది. రెండు మాటలకోసారి బొంగురుపోతోంది.

"మతి చెడిందని ఆమె ఎట్ల అంటది?" విశ్వేశ్వర్ అడిగాడు.

"రెండు సంగతులు సార్. మొన్న కంటి శుక్లం తీసిండ్రు, రెండు దినాలు దవాఖానల ఉన్న. ఇంటికొచ్చి చూస్తే గీ రెండో చిలుకకు కన్నున్నది. నా చిలుకకు లేకుండె, ఆడ ఉత్త గాజే కనబడుతుండె. చెప్తే నవ్వుతరు. కన్ను ఎప్పటికెల్లో ఉన్నది, నీకే అవుపడలే, ఇప్పుడు చూపొచ్చింది అంటరు."

"మాట సబబుగనే ఉన్నది."

ప్రకాశం దీపం మీంచి తల ఎత్తాడు. "మీరు గూడ గట్లంటే ఎట్ల సార్?"

"రెండో సంగతి చెప్పు పెద్దాయనా."

"దవాఖాన నుంచి వచ్చినసంది అన్నంల గ్యాస్‌నూనె, గదే కిరోసిన్ వాసనొస్తది. కింద ఉండే ఇంటి ఓనరు కళావతమ్మ అన్నం డబ్బా పెడ్తది. మా చెల్లె ఒక పగలు మూత తీసి చూసి ఏం లేదన్నది."

"రెండు పూటల వాసనొస్తదా?"

"లేదు సార్, రాత్రి డబ్బాలనే."

విశ్వేశ్వర్ తల ఊపాడు. "దవాఖానల ఉన్నప్పుడు గదిలకు ఎవరెవరు పోయిండ్రు?"

"ఆండాలు పగలు నా దగ్గరుండి, రాత్రి అండ్లనే పండుకున్నది. ఇంటామె దగ్గర ఎప్పుడు ఒక తాళంచెవి ఉంటది. బట్టలు తెచ్చేతందుకు నా చెవి మా దోస్తు మహేందర్‌కిచ్చిన. పాత సామాన్లు హాళ్లల్ల అలంకారానికి అమ్ముతడు వాడు."

"ఈ దీపం ఎన్నడన్న వెలిగించినవా?"

"మసి పడ్తది సార్. ఏదీ వెలిగియ్య."

విశ్వేశ్వర్ సొరుగులోంచి కిరోసిన్ సీసా తీసి, గుడ్డ తడిపి, చిలుక జోలికి పోకుండా మామిడాకు ఒకదాన్ని మెల్లగా రుద్దాడు. గుడ్డకు ఆకుపచ్చ అంటుకుంది. సుజన గుడ్డ వంక చూసి, ఆయన వంక చూసి, ఏమీ అర్థంకాకపోయినా గబగబా రాసుకుంది.

మర్నాడు ఇద్దరూ మహేందర్ దుకాణానికి వెళ్లారు. అతను చాయ్ తెప్పించి పెట్టాడు.

"నేను దొంగనైతే పన్నెండు ఎత్తుకపోతుంటి భాయ్, ఒక్కదానితోని ఏం బతుకుత? అమ్ముతవా అని పదేండ్లసంది అడుగుతున్న. కన్నతండ్రినన్న ఇస్తడట, దీపమియ్యడట!"

అక్కడి నుంచి విశ్వేశ్వర్ ఆటోను, వినాయకుడి బొమ్మలు చేసే ధూల్‌పేటకు మళ్లించమన్నాడు. సుజన ఆశ్చర్యపోయింది. "సార్, దీపానికి, గణపతులకు ఏం సంబంధం?"

"ఉన్నదున్నట్టు దించేటోడు లేని కన్నును ఎందుకు పెడ్తడు సుజనా? కన్ను లేకుంటే చెయ్యి ఆగనోడు ఎవడో ఉండాలె."

మూడు షెడ్లు దాటాక నాలుగోదాంట్లో ఈశ్వరయ్య అనే రంగులాయన దొరికాడు. చేతిలో కుంచె, ముందర కళ్లు పెట్టించుకోవడానికి వరసకట్టిన వినాయకులు.

"అవు, నేనే ఏసిన. ఉత్త గాజుబుడ్డి ఒకటి, పాత దీపమొకటి తెచ్చింది ఒకామె. ఒక చిలుకకు కన్ను పెట్టద్దన్నది. నేను వింటనా? మా తాతల కాలం నుంచి కన్ను పెట్టనిది ఏ బొమ్మా మా గడప దాటలే. పెట్టేసిన. చూసి ఏడ్చినంత పని చేసింది గని, ఏమనలే."

"మనిషి గుర్తున్నదా?"

"సీజనన్నా! నా పెండ్లామే ఎదురొచ్చినా గుర్తుపట్ట."

ఆదివారం సాయంత్రం ప్రకాశం గదిలో అందరూ కూడారు. గూట్లో పన్నెండు దీపాలు. మంచం మీద ఆండాలు, కాళ్ల దగ్గర అప్పటికే సర్దిన అన్న బట్టల సంచి. కిటికీకి ఆనుకుని మహేందర్. తలుపు దగ్గర, వెంటనే వెళ్లిపోవడానికన్నట్టు, కళావతమ్మ. అరవై ఏళ్ల మనిషి. భర్త పోయాక కింద ఒక్కతే ఉంటోంది.

"ఆండాలమ్మా, మీ అన్నకు మతి మంచిగనే ఉన్నది," అన్నాడు విశ్వేశ్వర్. "ఇత్తడి మూత, చిమ్నీ పాతయే. బుడ్డి మారింది. ఇవి గ్యాస్‌నూనె దీపాలు. నూనె పోసినప్పుడల్లా మీద కారుతది. అందుకే పాతోళ్లు రంగును గాజు మీద కాల్చి పట్టిచ్చిండ్రు." గుడ్డ తడిపి పక్క దీపం మీది గులాబీని గట్టిగా రుద్దాడు. గుడ్డ తెల్లగానే ఉంది. చిలుకల దీపం మీద రుద్దాడు. పచ్చ ఊడివచ్చింది. "ఇది నిన్నమొన్నటి రంగు. పాతదైతే ఎన్నడో కొట్టుకపోతుండె."

"ఆయనే ఏసుకొని మర్సిపోయిండేమో!" అంది ఆండాలు.

"ఏసింది ధూల్‌పేట ఈశ్వరయ్య. ఏయించింది ఒక ఆడమనిషి. అంటే మహేందర్ కాదు. మిగిలింది మీరిద్దరు."

ఆండాలు దిగ్గున లేచింది. "నేనా! నా తోడబుట్టినోని ఇంట్ల?"

"కూసోండమ్మా. మీ అన్న చెప్పిన రెండో సంగతి గూడ నిజమే. గ్యాస్‌నూనె వాసన రాత్రి డబ్బాలనే వస్తది. మీరు పగటి డబ్బా చూసిండ్రు. ఆ రాత్రి డబ్బా కట్టే యాళ్లకు, దీపాలు పెట్టే పొద్దు, ఆ వంటింట్ల ఎవరో కిరోసిన్ దీపం ముట్టిస్తున్నరు. అమ్ముకునేటోళ్లు వెలిగియ్యరు. తనదనుకున్నోళ్లే వెలిగిస్తరు. అవునా కళావతమ్మా?"

కళావతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది మా అమ్మ దీపం," అంది. "చిన్నప్పుడు నేనే మేకుతోని ఆ చిలుక కన్ను గీకిన. అమ్మ మస్తు కొట్టింది. అమ్మ పోయినంక అన్నలు అమ్ముకున్నరు. సారు బజార్ల కొని మెట్లెక్కుతుంటే చూసి గుర్తుపట్టిన. ఆ దినమే అడిగిన, ఇస్తరా సారూ అని. అమ్మకానికి కాదు అని తలుపేసుకున్నరు. ఎందుకడుగుతున్ననో అడగలే."

"కొత్తదాని మీద కన్ను చెరిపేస్తే దొరకకపోదురు కదమ్మా," సుజన ఉండబట్టలేక అంది.

"పెట్టిన కన్నును ఎవరన్న చెరుపుతరా బిడ్డా?" కళావతమ్మ ప్రకాశం వైపు తిరిగింది. "పిచ్చోడంటున్నరని తెలిసి గూడ నోరిప్పలే. అది తప్పే."

ఆమె కిందికి వెళ్లి, వేరే మూత, చిమ్నీ తగిలించుకున్న అసలు దీపం తెచ్చి గూట్లో పెట్టింది. చిలుక కన్నున్నచోట చిన్న గీకుడు, అందులోంచి అవతలి గోడ కనబడుతోంది. చిమ్నీ నిండా మసి. ప్రకాశం మసిని చూశాడు గానీ తుడవలేదు. చిలుక కన్ను లేకపోవడం రోజూ కనిపెట్టినవాడు, తలుపు బయట డబ్బా పెట్టి పోయే మనిషి ముఖంలోకి ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూశాడో లెక్కవేసుకుంటున్నట్టున్నాడు.

ఆండాలు సంచి మూతి విప్పి, అన్న చొక్కాలు తిరిగి కొయ్యకు తగిలించింది. "నేను పోత అన్నా," అంది ఎటో చూస్తూ. మహేందర్ ఆమె వెనకే దిగాడు. విశ్వేశ్వర్ కూడా సుజనకు సైగ చేసి తలుపు వైపు నడిచాడు.

"సార్, పోలీసులకు..." అని సుజన గొణిగింది.

"ఆయన మతి ఆయనకు అప్పజెప్పినం. మన పని గంతే. నడువు."

వాళ్లు మెట్ల మీద ఉండగా పైనుంచి ప్రకాశం గొంతు వినబడింది, బొంగురుగా.

"పదకొండేండ్లు నీ చేతి అన్నం తిన్న కళావతమ్మా. మీ అమ్మ పేరేంది?"

కళావతమ్మ జవాబు మెట్ల దాకా వినబడింది. "బాలామణి."

ఆ గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. దాన్ని నేల మీద ఈడుస్తున్న చప్పుడు, తర్వాత ముసలి మోకాళ్లు వంచి ఎవరో కింద చతికిలబడ్డ చప్పుడు వినిపించాయి.

"కూసో," అన్నాడు ప్రకాశం. "ఆమె గురించి చెప్పు."