మైకు పలకని రోజు

కన్నబాబును చంపినవాడు తౌసిఫ్. వీరన్నకు అందులో అనుమానం లేదు. కావలసింది రుజువే. దానికోసమే ద్వారకా నగర్‌లో డిటెక్టివ్ అర్జునరావు ఆఫీసు మెట్లెక్కాడు. అసిస్టెంటు అనూరాధ కుర్చీ జరిపింది. వీరన్న కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

ఉక్కు ఫ్యాక్టరీకి అవతల, రోడ్డూ ఫోనూ లేని తమ జాలరిపల్లె రాతిపాలెంలో ఆ వేసవిలో ఒక సంస్థ ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ పెట్టించింది. వన్‌టౌన్ మెకానిక్ తౌసిఫ్ వచ్చి చిన్న డాబా గది మీద తెల్లటి డిష్ బిగించి వెళ్లాడు. పాలెంవాళ్లు దాన్ని పళ్లెం అన్నారు. గాలివాన కబురు వస్తే, గది చూసుకునే సూర్యకళ మైకులో చదివేది. మైకు పలకకపోతే పడవలు వెళ్లేవి. కొన్నాళ్లకు రేడియోలు మూలపడ్డాయి.

తుపానుకు ముందు రోజు మైకు పలకలేదు. కన్నబాబు వేటకు వెళ్లాడు, తిరిగి రాలేదు. పెళ్లాం పోయాక వంట నేర్చుకుని మరీ వీరన్న పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకు.

తరవాత తౌసిఫ్ బాగుచేయడానికి వస్తే వీరన్న తెడ్డు పుచ్చుకుని కొట్టాడు. సంస్థ తౌసిఫ్‌నే పనిలోంచి తీసేసింది. పాలెం పెద్దలు తౌసిఫ్ మీద పోలీసు కేసు పెడతామంటున్నారు.

"డిష్‌ను ఎవరైనా కదిపారా?" అన్నాడు అర్జునరావు.

"ఎవుడు కదుపుతాడు బాబూ? మావోడు దాన్ని పడవకన్నా బాగా సూసుకున్నాడు. ఇప్పటికీ ఎండిలా మెరుస్తంది. లోపం ఆడు పెట్టిందే."

అర్జునరావు ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. అనూరాధ కలం ఆపి, ఇక దొరికినట్టే అన్నట్టు ఆయన వైపు చూసింది. వీరన్నకు ఆ చూపు నచ్చలేదు.

మర్నాడు ఇద్దరూ పాలెం వచ్చారు. రేవులో అర్జునరావు వీరన్నకు మిగిలిన పాత పడవ లంగరు చూశాడు, ఇంజను మూత చూశాడు. ఇనుమన్నదల్లా సిల్వర్ పెయింట్‌తో ఉంది. తరవాత డాబా ఎక్కి చాలాసేపు దిగలేదు. సూర్యకళను అడిగితే, మబ్బు పట్టినప్పుడల్లా నెట్ ఆగి మళ్లీ వచ్చేదనీ, ఆ రోజూ వస్తుందని చూస్తూ కూర్చున్నాననీ చెప్పింది.

"నెట్ నేదనైనా మైకులో సెప్పాల్సింది మావా," అంది వీరన్నతో, తల ఎత్తకుండా.



సాయంత్రం పాలెమంతా గది ముందు చేరింది. అర్జునరావు పిలిపించిన తౌసిఫ్ కూడా వచ్చాడు, ఆయన పక్కనుంచి కదలకుండా నిలబడ్డాడు.

"నువ్వు బిగించినప్పుడు డిష్ ఏ రంగు?"

"తెలుపు సార్."

జనం తలలెత్తి చూశారు. పైన ఉన్నది వెండి రంగు.

అర్జునరావు విడమరిచి చెప్పాడు. డిష్‌కు రంగు వేస్తే అంత నష్టం లేదు. దాని ముందు కాడ చివర చిన్న మూతి ఉంటుంది, దానికి ప్లాస్టిక్ మూత. ఆకాశం నుంచి వచ్చే కబురు ఆ మూతలోంచే లోపలికి పోవాలి. సిల్వర్ పెయింట్‌లో ఉండేది అల్యూమినియం పొడి. మూత మీద దాన్ని దట్టంగా పూశారు. ఇనుప తలుపు వేసినట్టయింది. తౌసిఫ్ పైకెక్కి కొత్త మూత బిగించాడు. కాసేపటికి నెట్ వచ్చిందని సూర్యకళ గుమ్మంలోంచి చెప్పింది.

"పాడుచేద్దామని వేసిన రంగు కాదిది," అన్నాడు అర్జునరావు. "నట్లూ బోల్టులూ కూడా వదల్లేదు. పడవ సామాను చూసుకునే చెయ్యి."

పేరు చెప్పలేదు. అందరికీ తెలుసు. ఎవరూ వీరన్న వైపు చూడలేదు. అదే అతనికి భరించరానిదయింది.

"మా కన్నబాబు ఏసేడు," అన్నాడు. "ఉప్పుగాలికి ఇనుము తినేత్తాది, రంగెయ్‌రా అని నానే సెప్పేను. బద్ధకించేడు. తిట్టేను. అప్పుడేసేడు, ఏటకెల్లే ముందురోజు."

"రంగెయ్యొద్దని ఆ రోజే నేను చెప్పాల్సింది బాబాయ్," అన్నాడు తౌసిఫ్.

అతని నుదుటి మీద తెడ్డు దెబ్బ ఇంకా మానలేదు. క్షమించమని అడిగితే సరే అంటాడు. ఆ సరే వీరన్నకు అక్కర్లేదు. పెద్దల వైపు తిరిగి, కేసు లేదనీ, తౌసిఫ్ పని తౌసిఫ్‌కు ఇప్పించమనీ చెప్పాడు.

అనూరాధ దగ్గరికొచ్చి ఏదో అనబోయింది.

"ఒద్దమ్మా. ఈ మాట ఇక నా దగ్గర ఎవులూ ఎత్తొద్దు. నానూ ఎత్తను. సచ్చేదాకా ఎత్తను."